ప్యాకెట్ మీది బొమ్మ ఎవరు చూస్తున్నారు?

ఊపిరితిత్తుల డాక్టర్లు పొగతాగే ప్రతివారినీ అడిగే ప్రశ్నే మా మావయ్యనూ అడిగారు. "రోజుకు ఎన్ని ప్యాకెట్లు? ఎన్నేళ్లుగా?" ఆ రెండూ గుణిస్తే వచ్చే అంకెను బట్టి లోపల ఎంత నష్టం జరిగి ఉంటుందో వాళ్లొక అంచనాకు వస్తారు. మావయ్యకు ఆ ప్రశ్న నచ్చలేదు. "ప్యాకెట్లా? నేను జన్మలో ప్యాకెట్ కొనలేదండీ. ఎప్పుడైనా విడిగానే. టీ తాగితే ఒకటి, భోంచేశాక ఒకటి, అంతే" అన్నారు, మీద పడ్డ నిందను తుడిచేసుకుంటున్నట్టు. పక్క కుర్చీలో ఉన్న అత్తయ్య ఏమీ మాట్లాడకుండా వేళ్లు మడవడం మొదలుపెట్టింది. పొద్దున పాలకి వెళ్లినప్పుడు ఒకటి. బస్సెక్కే ముందు ఒకటి. ఆఫీసు మెట్ల దగ్గర, పదకొండు గంటల టీకి, మధ్యాహ్నం క్యారేజీ ఖాళీ చేశాక, లారీ లోడింగ్ అయ్యేదాకా నిలబడ్డప్పుడు... రెండో చెయ్యి కూడా అయిపోయింది. చివరికి డాక్టరు వైపు తిరిగి, "రోజుకు ప్యాకెట్టున్నర వేసుకోండి సార్" అంది.

ఆయన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు హాల్లో ఒక మూల ఆక్సిజన్ మిషను ఉంటుంది. బాత్రూం దాకా అందేలా దానికి పొడవాటి గొట్టం. కరెంటు పోతే ఇంట్లో అందరి చూపూ ముందు ఇన్వర్టర్ మీదికే వెళ్తుంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఆగి, మంచం అంచు పట్టుకుని ఊపిరి కూడదీసుకుంటారు. ఇంట్లో సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) రోగి ఉన్నవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

జబ్బు సంగతి అలా ఉంచితే, ఆయన ఇచ్చిన జవాబు నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్లకు పైగా కాల్చిన మనిషి తనను తాను సిగరెట్లు తాగే మనిషిగా ఎన్నడూ లెక్కవేసుకోలేదు. ఎప్పుడూ ఒక్కటే కొన్నాడు కాబట్టి. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా నమ్మారు. ఆ నమ్మకాన్ని ఆయనకు ఎవరు కల్పించారని ఆలోచిస్తూ పోతే నాకు తోచిన సమాధానం చాలా చిన్న విషయంలా కనిపించింది. కానీ రానురాను అదే అసలు విషయమని తేలింది. విడి సిగరెట్ అమ్మకాన్ని మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆపాలి. పన్నులు, ప్యాకెట్ మీది హెచ్చరిక బొమ్మలు, సినిమాకు ముందు వేసే ప్రకటనలు అన్నీ ఉండగానే సిగరెట్ ఇంత సులువుగా కొత్తవాళ్ల చేతికి అందుతోందంటే, ఆ ఒక్క దారి తెరిచి ఉండటమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

గ్లాసులో నిలబెట్టిన సిగరెట్లు

హైదరాబాద్‌లో మేముండే చోట ఒక పాన్ డబ్బా ఉంది. ఎదురుగా బస్టాపు, వెనక సందులో రెండు హాస్టళ్లు, మెయిన్ రోడ్డు మీద కోచింగ్ సెంటర్లు. బస్సు కోసం నిలబడ్డప్పుడు నా చూపు దాని మీదే ఉంటుంది. పొద్దున దుకాణం తీయగానే యజమాని ముందు చేసే పని ప్యాకెట్లు విప్పడం. పైనున్న పల్చటి కాగితం లాగేస్తాడు. మూత వెనక్కి విరుస్తాడు. ఎక్కువగా పోయే రకం సిగరెట్లను ఒక స్టీలు గ్లాసులో నిలబెడతాడు. ఖాళీ అట్టపెట్టె కింద ఉన్న బుట్టలోకి పోతుంది. బొమ్మతో సహా.

ఆ బొమ్మ కోసం ఈ దేశంలో జరిగిన పోరాటం చిన్నది కాదు. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. బొమ్మల హెచ్చరిక మొదలవడానికి 2009 మే 31 దాకా పట్టింది. మొదట్లో ప్యాకెట్ ముందువైపు నలభై శాతమే. ఏ జబ్బుకో అర్థం కాని తేలు బొమ్మ కూడా అప్పట్లో ఉండేది. కంపెనీలు కోర్టులకెళ్లాయి, ఫ్యాక్టరీలు మూశాయి, పార్లమెంటు కమిటీలు కూర్చున్నాయి. అంతా అయ్యాక 2016 ఏప్రిల్ నుంచి రెండు వైపులా 85 శాతం మేర బొమ్మ, హెచ్చరిక తప్పనిసరి అయ్యాయి. 2018 సెప్టెంబరు నుంచి ఇంకొకటి చేర్చారు: మానేయాలనుకునేవాళ్లు ఫోన్ చేయడానికి 1800-11-2356 అనే నంబరు. డబ్బు కట్టక్కర్లేని నంబరు. అవతల కౌన్సెలర్ ఉంటారు.

ఈ బొమ్మలు దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 2016-17లో కేంద్ర ఆరోగ్య శాఖ చేయించిన దేశవ్యాప్త సర్వేలో, ప్యాకెట్ మీది హెచ్చరిక చూసి మానేద్దామనిపించిందని సిగరెట్ తాగేవాళ్లలో 61.9 శాతం మంది చెప్పారు. బీడీ తాగేవాళ్లలో 53.8 శాతం. అనిపించడం వేరు, మానడం వేరు అని నాకూ తెలుసు. అయినా మానడానికి మొదటి మెట్టు అనిపించడమే కదా. చూసినవాడి మీద బొమ్మ పనిచేస్తోంది. మరి గ్లాసులోంచి ఒకటి తీసుకుని వెళ్లిపోయే కుర్రాడు ఏం చూస్తున్నాడు? తెల్లటి కాగితం, చివర గోధుమరంగు ఫిల్టర్. బొమ్మ లేదు, ఎమ్మార్పీ లేదు, ఆ ఫోన్ నంబరూ లేదు. మా మావయ్యకు ఆ నంబరు గురించి నేను చెప్పేదాకా తెలియదు. అది దేశంలోని ప్రతి సిగరెట్ ప్యాకెట్ మీదా ఉంది.

ధర సంగతీ ఇంతే. కొన్ని బడ్జెట్లప్పుడు సిగరెట్ మీద పన్ను పెంచారని పేపర్లో హెడ్డింగు వస్తుంది. పన్ను పెంచడం మంచి మందే, ప్రపంచమంతా ఒప్పుకున్నదే. ధరలో పన్ను వాటా కనీసం 75 శాతం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ అంకెకు మనం చేరామా లేదా అన్నది అలా ఉంచండి. పది సిగరెట్ల ప్యాకెట్ మీద ఇరవై రూపాయలు పెరిగితే కొనేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. అదే విడిగా కొనేవాడికి పెరిగేది రెండు రూపాయలు. జేబులోంచి తీసిన ఇరవై నోటుకు తిరిగొచ్చే చిల్లరలో ఆ తేడా కలిసిపోతుంది. ఇప్పుడైతే నోటూ లేదు, స్కాన్ చేసి కొట్టేయడమే. పైగా విడిగా అమ్మేటప్పుడు ఎమ్మార్పీ అడిగే దిక్కు లేదు కాబట్టి దుకాణదారుడు రూపాయో అర్ధో వేసుకుంటాడు. అంటే ప్యాకెట్ కొనలేని కూలివాడే ఒక్కో సిగరెట్‌కు ఎక్కువ చెల్లిస్తున్నాడు. ప్రభుత్వం వేసిన పన్ను అతన్ని మాన్పించదు, దుకాణదారుడు వేసుకున్న రూపాయి అతని జేబుకు చిల్లు పెడుతుంది.

"ఒక్కటేగా"

విడిగా కొనడం వల్ల మనసులో ఒక లెక్క స్థిరపడిపోతుంది. ఒక్కటే కదా, ఏమవుతుంది? ఈ లెక్క శరీరం ఒప్పుకునేది కాదు.

2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వచ్చింది. 141 అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. రోజుకు 20 సిగరెట్లు కాల్చేవారికి గుండెజబ్బు వచ్చే ప్రమాదం ఎంత అదనంగా పెరుగుతుందో, రోజుకు ఒక్కటే కాల్చేవారికి అందులో దాదాపు సగం పెరుగుతుందని తేలింది. ఇరవయ్యో వంతు కాదు, సగం. ఊపిరితిత్తుల క్యాన్సర్ దగ్గర లెక్క కొంత తిన్నగానే నడుస్తుంది, తగ్గించిన కొద్దీ ప్రమాదమూ తగ్గుతుంది. గుండె దగ్గర అలా నడవదు. రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడానికి, రక్తం గడ్డకట్టే గుణం పెరగడానికి కొద్దిపాటి పొగ చాలు. తర్వాత ఎంత కాల్చినా ఆ నష్టం అదే నిష్పత్తిలో పెరగదు, మొదటి సిగరెట్టే ఎక్కువ భాగం చేసేస్తుంది.

నలభైల్లో హఠాత్తుగా గుండెపోటుతో పోయినవాళ్ల గురించి మనం ఇప్పుడు ఎన్ని వార్తలు వింటున్నాం! "పాపం, పెద్దగా అలవాట్లు కూడా లేవండీ. రోజుకు ఒకటో రెండో, అంతే" అని బంధువులు అంటుంటే నాకు ఈ లెక్క గుర్తొస్తుంది. వాళ్లందరూ సిగరెట్ వల్లే పోయారని నేను అనడం లేదు. షుగరు, బీపీ, నిద్రలేమి, వంశపారంపర్యం ఎన్నో ఉంటాయి. ఆ "ఒకటో రెండో"ను లెక్కలోంచి తీసేయడానికి మాత్రం ఆధారం లేదు.

ఇదే విషయానికి మంచి వైపు కూడా ఉంది, అది మనవాళ్లకు సరిగా చేరలేదని నా బాధ. బ్రిటన్‌లో 1951లో మొదలుపెట్టి యాభై ఏళ్లు డాక్టర్ల అలవాట్లను, మరణాలను గమనిస్తూ వెళ్లిన రిచర్డ్ డాల్ బృందం రెండు సంగతులు చెప్పింది. జీవితాంతం సిగరెట్లు కాల్చేవాళ్లు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటారు. ముప్పై ఏళ్ల వయసుకే మానేస్తే దాదాపు ఆ పదేళ్లూ తిరిగొస్తాయి. నలభైకి మానితే తొమ్మిది, యాభైకి ఆరు, అరవైకి కూడా మూడేళ్లు. "ఇంత వయసొచ్చాక ఇప్పుడు మాని ఏం లాభం" అనే పెద్దాయన ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయనకు చెప్పాల్సిన మాట ఇది. మూడేళ్లంటే మనవరాలి పెళ్లి చూడటం కావచ్చు.

ఇంటికి తెలియని అలవాటు

తెలుగిళ్లలో సిగరెట్‌కు ఒక ప్రత్యేకమైన చోటుంది, అది ఇంటి బయట. తండ్రి ముందు కాల్చడు, మామగారి ముందు కాల్చడు, ఊళ్లో పెద్దాయన ఎదురైతే చెయ్యి వెనక్కి వెళ్తుంది. ఇది మర్యాద అనుకుంటాం. పిల్లలూ దీన్నే నేర్చుకుంటారు. ఈ మర్యాదకూ విడి సిగరెట్‌కూ విడదీయలేని పొత్తు కుదిరింది. ప్యాకెట్ కొంటే దాన్ని ఎక్కడో దాచాలి. ప్యాంటు ఉతకడానికి వేసినప్పుడు అమ్మ చేతికి దొరుకుతుంది, బ్యాగు సర్దేటప్పుడు చెల్లి చూస్తుంది. విడిగా కొంటే ఏ సాక్ష్యమూ ఉండదు. కొన్నచోటే కాల్చి, పీక అక్కడే తొక్కి, ఒక మింట్ నోట్లో వేసుకుని ఇంటికొస్తే చాలు. పాన్ డబ్బా దగ్గర సిగరెట్, మింట్ పక్కపక్కనే ఎందుకుంటాయో ఆ దుకాణదారుడికి తెలుసు.

మా బంధువుల్లో ఒక కుర్రాడు ఇంటర్ రెండో సంవత్సరంలో మొదలుపెట్టాడు. ఇంట్లో తెలిసింది ఉద్యోగం వచ్చి, పెళ్లి సంబంధాలు చూస్తున్నప్పుడు. అదీ అతను చెప్పగా కాదు, ఆరోగ్య బీమా కోసం చేసిన పరీక్షల్లో నికోటిన్ ఆనవాలు కనిపించి. వాళ్లమ్మ ఏడుస్తూ అడిగిన మాట ఒక్కటే: "ఇన్నేళ్లుగా నాకెలా తెలియలేదురా?" తెలిసే వీల్లేదు. ఒక్క ప్యాకెట్ కూడా ఆ గుమ్మం దాటి లోపలికి రాలేదు. అలవాటు మొదటి ఆరు నెలల్లో ఉన్నప్పుడు తెలిసి ఉంటే తిట్టో, బతిమాలో, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లో ఏదో ఒకటి చేసేవాళ్లు. అప్పటికది పట్టుకోగలిగిన దశ.

పిల్లల విషయంలో నాకు ఎక్కువ భయం ఇదే. 2019లో దేశవ్యాప్తంగా బడిపిల్లల మీద చేసిన సర్వేలో 13-15 ఏళ్ల వాళ్లలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. ఆ వయసులో పిల్లల చేతికి ఒకేసారి ప్యాకెట్‌కు సరిపడా డబ్బులు రావడం కష్టం. ఒక్కదానికి సరిపడా రావడం చాలా తేలిక. ఇద్దరు కలిస్తే ఇంకా తేలిక. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదని, విద్యాసంస్థలకు వంద గజాల లోపు అమ్మకూడదని చట్టం ఉంది. మా బస్టాపు డబ్బాకు కూడా ఆ పసుపురంగు బోర్డు తగిలించి ఉంది, దాని కిందే గ్లాసు ఉంది. కార్డు చూపించమని అడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. అమ్మాయిలు సిగరెట్ కాలిస్తే ఫోన్ తీసి వీడియో తీసేవాళ్లు, సంస్కృతి మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నారని నేను అనుకోను. ఆ అమ్మాయి ఊపిరితిత్తుల మీద వాళ్లకు ఏ బెంగా లేదు. అలాంటి వేధింపు వల్ల ఆ పిల్లలు మానరు, ఇంకా చాటుకు వెళ్తారు. చాటుగా సాగే అలవాటుకు వైద్యం అందదు.

ఒక మిత్రుడి వాదన

ఈ అభిప్రాయం మిత్రుల మధ్య పెట్టినప్పుడు గట్టిగా ఎదురు చెప్పింది, చాలాకాలంగా సిగరెట్లు తగ్గించుకుంటూ వస్తున్న ఒక స్నేహితుడు. "నేను ప్యాకెట్ కొనడం మానేసి విడిగా కొనడం మొదలుపెట్టాకే రోజుకు మూడుకు దిగాను. ప్రతిసారీ మెట్లు దిగి, రోడ్డు దాటి వెళ్లాలంటే బద్ధకమేసి ఒకటి తగ్గుతుంది. నువ్వు విడిగా ఆపేస్తే ప్యాకెట్ జేబులో ఉంటుంది, జేబులో ఉంటే కాలుస్తాను. నా ఆరోగ్యం పాడుచేసేది నువ్వే" అన్నాడు.

ఇది కొట్టిపారేసే వాదన కాదు. నేను దీని గురించి చాలా ఆలోచించాను. అతని విషయంలో అది నిజమే కావచ్చు. తన చుట్టూ తానే గీత గీసుకున్న మనిషికి విడి అమ్మకం సాయపడుతుంది. కానీ అదే మనిషి అంతకుముందు పూర్తిగా మానేశాడు, నాకు తెలుసు. నెలల తరబడి ముట్టలేదు. ఒక పెళ్లిలో భోజనాలయ్యాక బయటికొచ్చి, "ఒక్కటే" అని బడ్డీకొట్టు దగ్గర ఆగాడు. ప్యాకెట్ కొనాల్సి వచ్చుంటే కొనేవాడివా అని అడిగితే కాసేపు ఊరుకుని, "కొనేవాణ్ని కాదు" అన్నాడు. తగ్గించుకునేవాడికి ఊతమిచ్చే అమ్మకమే, మానేసినవాణ్ని మళ్లీ లోపలికి లాగే అమ్మకం కూడా. రెండింటినీ తూచితే నాకు రెండోదే బరువుగా అనిపిస్తుంది. మొదలుపెట్టబోయే పిల్లలను కూడా తక్కెడలో వేస్తే ఇక సందేహం మిగలదు.

అతనే లేవనెత్తిన ఇంకో సంగతికి మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఇప్పుడు బడ్డీకొట్టు దగ్గర నిలబడి కాల్చేవాడు, రేపు ప్యాకెట్ ఇంటికి తెచ్చుకుని బాల్కనీలోనో హాల్లోనో కాలిస్తే? ఇప్పటికే మన దేశంలో పెద్దవాళ్లలో 38.7 శాతం మంది ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నారని అదే 2016-17 సర్వే చెప్పింది. 1981లో జపాన్‌లో హిరయామా అనే శాస్త్రవేత్త, తాము సిగరెట్ ముట్టని 91,540 మంది వివాహిత మహిళల వివరాలు పరిశీలించి, భర్త ఎంత ఎక్కువగా కాలిస్తే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరుగుతోందని చూపించాడు. కంపెనీలు దాని మీద ఎంత దుమ్మెత్తిపోసినా తర్వాతి పరిశోధనలు ఆ నిర్ధారణనే బలపరిచాయి. కాబట్టి ఈ భయం ఊహాజనితం కాదు. కొందరిళ్లలో అలా జరగవచ్చు. నా అంచనా మాత్రం, మన ఇళ్లలో ఇంకా మిగిలి ఉన్న ఆ పెద్దల ముందు బిడియం, ఇంట్లో కాల్చకూడదని ఇప్పుడు ఎక్కువగా భార్యలు పెడుతున్న నిబంధన కలిసి దాన్ని చాలావరకు అడ్డుకుంటాయని. అటువైపు, బస్టాపుల్లో టీకొట్ల దగ్గర పసిపిల్లలతో నిలబడ్డ తల్లుల ముఖాన పొగ కొట్టడం తగ్గుతుంది. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతా నిషిద్ధం. జరిమానా 200 రూపాయల దాకా. కొన్నచోటే వెలిగించుకోవడానికి లైటరు కట్టి పెట్టిన దుకాణాలు ఉన్నన్నాళ్లూ ఆ నిబంధన కాగితం మీదే ఉంటుంది.

డబ్బా నడిపే మనిషి

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్న దుకాణదారుడిది. ఒకరోజు బస్సు బాగా ఆలస్యమైతే అతనితోనే మాట్లాడాను. "ప్యాకెట్ ఎవలు కొంటరు సార్? పొద్దుమాపు కలిపి పది మంది కొంటే ఎక్కువ. తతిమ్మా అంత విడిదే. సిగరెట్‌కు వచ్చినోడే చాయ్ తాగుతడు, నీళ్ల బాటిల్ కొంటడు. అది బంద్ అయితే నా డబ్బా బంద్" అన్నాడు. అతని కొడుకు డిప్లొమా చదువుతున్నాడు. సిగరెట్ మీద మిగిలేది తక్కువే, దాని వెంట వచ్చే గిరాకీయే అతని కుటుంబాన్ని పోషిస్తోంది.

నిషేధం పెడితే ఎవరి మీద పడుతుందో మనందరికీ తెలుసు. కంపెనీ మీద పడదు. టోకు వ్యాపారి మీద పడదు. లాఠీ పట్టుకొచ్చిన మనిషి ముందు నిలబడేది ఇతనే. అమెరికాలో విడి సిగరెట్ అమ్మకం నేరం. 2014 జూలైలో న్యూయార్క్‌లోని స్టేటెన్ ఐలాండ్‌లో ఎరిక్ గార్నర్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు చుట్టుముట్టింది విడి సిగరెట్లు అమ్ముతున్నాడన్న అనుమానంతోనే. ఒక పోలీసు మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. "నాకు ఊపిరాడటం లేదు" అని పదకొండుసార్లు అన్నాక ఆ మనిషి చనిపోయాడు. ప్రజారోగ్యం పేరుతో పేదవాడి మీద పోలీసుకు ఇంకో ఆయుధం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. మన దగ్గర నెల మామూళ్లు ఎలా వసూలవుతాయో తెలిసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోలేరు.

గుట్కా అనుభవం కూడా కళ్లముందే ఉంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో గుట్కా నిషేధించారు. దొరకని ఊరు చూపించండి. రేటు పెరిగింది, డబ్బా కింద చెయ్యి పెట్టి ఇస్తారు, అంతే తేడా. విడి సిగరెట్‌కూ ఇదే గతి పట్టదా?

కొంతవరకు పట్టవచ్చు. కానీ రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. గుట్కా నిషేధం సరుకునే నిషేధించింది, దాంతో అది దొంగదారిన రావాల్సి వచ్చింది. ఇక్కడ సరుకు నిషేధం కాదు. ప్యాకెట్ అదే దుకాణంలో, అదే పన్నుతో, బహిరంగంగానే దొరుకుతుంది. దొంగసరుకు పుట్టడానికి అంత అవసరం ఉండదు. చాటుగా ఒకటీ అరా ఇస్తారు, నిజమే. బల్ల మీద గ్లాసు మాత్రం మాయమవుతుంది. ముక్కూమొహం తెలియని పదిహేనేళ్ల పిల్లాడికి ఇచ్చేముందు దుకాణదారుడు ఒకసారి ఆలోచిస్తాడు. నేను కోరుకునేది ఆ మాత్రం అడ్డమే.

శిక్ష విషయంలో నా అభిప్రాయం: అరెస్టులు వద్దు, పోలీసులే వద్దు. మున్సిపాలిటీ ఇచ్చే లైసెన్సుతో ముడిపెట్టాలి. మొదట హెచ్చరిక, తర్వాత చిన్న జరిమానా, పదేపదే అయితే పొగాకు అమ్మే లైసెన్సు మాత్రమే రద్దు. చాయ్, బిస్కెట్ల అమ్మకానికి అడ్డు రాకూడదు. కంపెనీల వైపు నుంచి కూడా ఒక తలుపు మూయాలి. విడిగా ఆపగానే ఐదు సిగరెట్ల బుల్లి ప్యాకెట్లు దింపుతారు. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఇరవైకి తక్కువ ప్యాకెట్ అమ్మకూడదని నియమం ఉన్నది అందుకే. మన దేశం 2004లో ఆమోదించిన పొగాకు నియంత్రణ అంతర్జాతీయ ఒప్పందం పదహారో అధికరణంలో విడి సిగరెట్లు, చిన్న ప్యాకెట్లు రెండింటి ప్రస్తావనా పక్కపక్కనే ఉంది, పిల్లలకు అందుబాటులోకి వస్తాయన్న కారణంతోనే.

"రైతుల మాటేమిటి" అని ఒంగోలు, కందుకూరు వైపు మిత్రులు తప్పకుండా అడుగుతారు. పొగాకు రైతు కష్టం నాకు పరాయిది కాదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని మంట చూసుకోవడం, వేలంలో పొగాకు బేలు (మూట) తిరస్కరించినప్పుడు రైతు ముఖం, రెండూ చూశాను. అయితే ఆ రైతు బతుకు బడ్డీకొట్టు గ్లాసు మీద ఆధారపడి లేదు. సిగరెట్లలో వాడే వర్జీనియా పొగాకులో ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది. పంట ఎంత వేయాలో గుంటూరులోని పొగాకు బోర్డు నిర్ణయిస్తుంది. 2025లో బర్లీ అనే ఇంకో రకం పొగాకు రైతులు వీధిన పడింది వ్యాపారులు, కంపెనీలు కొనకుండా మొహం చాటేయడం వల్ల. చివరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. రైతుకు వేరే పంటకు మారే దారి, గిట్టుబాటు ధర కావాలి. దానికోసం పోరాడదాం. పదిహేనేళ్ల పిల్లాడి ఊపిరితిత్తుల్ని అడ్డుపెట్టి రైతును కాపాడతామనడం ఆ రైతుకే అవమానం.

ఢిల్లీ కోసం ఎదురుచూడాలా?

కేంద్రం చేస్తుందని ఎదురుచూడటం నేను మానేశాను. 2014 చివర్లో నిపుణుల సంఘం విడి అమ్మకాన్ని ఆపమని సిఫార్సు చేసింది. ఆరోగ్య శాఖ దానికి ఒప్పుకుందని పార్లమెంటులోనే చెప్పారు. ఆ వార్తకు సిగరెట్ కంపెనీ షేర్లు పడ్డాయి. తర్వాత ఏమీ జరగలేదు, షేర్లు మళ్లీ లేచాయి. 2020లో చట్టానికి సవరణ ముసాయిదా తెచ్చి అందులోనూ ఇదే పెట్టారు. అదీ ముసాయిదాగానే ఆగింది. ప్రభుత్వ రంగ బీమా సంస్థకు సిగరెట్ కంపెనీలో పెద్ద వాటా ఉన్న దేశంలో ఈ నత్తనడకకు కారణాలు వెతకడం కష్టం కాదు.

రాష్ట్రాలకు మాత్రం ఆగక్కర్లేదు. హిమాచల్ ప్రదేశ్ 2016లోనే దీనికోసం ప్రత్యేక చట్టం చేసింది. కర్ణాటక 2017లో ఉత్తర్వు ఇచ్చింది. మహారాష్ట్ర 2020 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది కొత్త చట్టం కోసం చూడలేదు. 2003 చట్టంలోని ఏడో సెక్షన్‌నే ఆధారం చేసుకుంది. హెచ్చరిక లేకుండా పొగాకు అమ్మకూడదని చట్టం అంటోంది, విడిగా అమ్మితే హెచ్చరిక కొనేవాడికి చేరదు, కాబట్టి విడిగా అమ్మకూడదు. ఇదే సెక్షన్ విజయవాడలోనూ ఉంది, వరంగల్‌లోనూ ఉంది. మహారాష్ట్రలో అమలు బ్రహ్మాండంగా ఉందని నేను అనను. ముంబై వెళ్లొచ్చినవాళ్లు అక్కడా దొరుకుతోందనే చెబుతారు. ఉత్తర్వుతో పాటు దుకాణాల లైసెన్సు, తనిఖీకి మనుషులు, టోకు వ్యాపారిని బాధ్యుణ్ని చేసే నిబంధన లేకపోతే అలాగే అవుతుంది. మనం వాళ్లకంటే ఆలస్యంగా మొదలుపెడుతున్నాం కాబట్టి ఆ లోపాలన్నీ ముందే చూసి మొదలుపెట్టవచ్చు.

ఈ సంగతులన్నీ మా బస్టాపు దుకాణదారుడికి కూడా చెప్పాను. కోపమొస్తుందనుకున్నాను, రాలేదు. గల్లా మీద చెయ్యి ఆనించి అంతా విన్నాడు. తర్వాత అతను అడిగినవి రెండే. ఎదురు డబ్బాకు కూడా అదే రోజున, అదే రూలు పెడతారా? ఇంట్లో ఉన్న విప్పిన సరుకు అమ్ముకోవడానికి ముందుగా టైం ఇస్తారా? "అందరికీ ఒక్కతీరుగ పెడితే నాకేం లొల్లి లేదు సార్. నా పిల్లగాడు గూడ గదే కాలేజీ సందులకెల్లి వస్తడు." రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకూ నేను రాస్తున్న వినతిపత్రంలో అతని రెండు ప్రశ్నలనూ మొదటి పేజీలోనే పెట్టాను.